సంగడి
(కొల్లేటికోటలో జరిగిన పంతులుగారి స్మారక ఉపన్యాసం)

వేదిక మీద పెద్దలకు నమస్కారం. ఎదురుగా చాపల మీదా కుర్చీల్లోనూ కూర్చున్న అమ్మలకూ అయ్యలకూ వందనాలు. ఈ ఊళ్లో రెండు మాటలూ చెల్లుతాయి కాబట్టి రెండూ చెప్పాను. పెద్దింట్లమ్మ తీర్థానికి ఫాల్గుణంలో బళ్లు కట్టుకొచ్చే జనమూ, ఆదివారం గుడికి తెల్లచీరలు కట్టుకొచ్చే జనమూ ఒకే రేవులో కాళ్లు కడుక్కున్న ఊరు ఇది.

కరపత్రంలో నా పేరు ముందు చాలా బిరుదులు వేశారు. ఎవరి జ్ఞాపకార్థం సభ జరుగుతోందో ఆయన పేరు మాత్రం వేయలేదు. 'పంతులుగారి స్మారక ఉపన్యాసం' అని ఊరుకున్నారు. అది ఆయన కోరికేనని ఇంటివాళ్లు చెప్పారు. నేనూ ఆ కోరిక దాటను.

మా నాన్నగారి ఉద్యోగరీత్యా నేను లంకల్లో రెండేళ్లు చదువుకున్నాను. అరవైల నాటి మాట. కైకలూరు వైపు నుంచి లోపలికి రావాలంటే దోనే గతి. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె. అందులో కూర్చోవడం ఒక విద్య. నడుమ కూర్చోవాలి, కదలకూడదు, పక్కకు వంగి నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఒకసారి నేను తామరపువ్వు కోసం వంగాను. మిగతాది మీరు ఊహించుకోండి. నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగింది పంతులుగారే. నా పలక మాత్రం కొల్లేటి అడుగునే ఉంది.

మర్నాటి నుంచి పిల్లలను ఎక్కించేటప్పుడు రెండు దోనెలను పక్కపక్కన పెట్టి అడ్డకర్రలు వేసి కట్టించారు. దాన్ని మన వైపు సంగడి అంటారు. సంగడి అంటే జంట. సంగడీడు అంటే స్నేహితుడు. బ్రౌను దొర నిఘంటువులో కూడా ఈ అర్థాలు పక్కపక్కనే ఉంటాయి. విడివిడిగా ఉంటే రెండు దోనెలూ బోల్తా పడేవే. కట్టాక పిల్లలు అందులో గెంతినా ఒరగదు. నేనివాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం 'క్రీస్తు కృపలో విడుదల, ఆదరణ'. ఈ మాటలు మన సంఘాల్లో ఎంత అరిగిపోయాయంటే, వినేవాళ్లకు నిద్ర వస్తుంది. సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతివాళ్లూ 'విడుదల పొందాను' అంటారు. దేని నుంచి అని అడిగేవాళ్లు లేరు. నూట అరవై ఏళ్ల కిందట ఈ డెల్టాలో ఆ మాట మొదట విన్నవాళ్లకు అడగాల్సిన అవసరమే రాలేదు. ఎందుకంటే ప్రభువు ప్రార్థనను తెలుగు చేసినవాళ్లు అందులో వాడిన మాట పాపం కాదు, ఋణం. మా ఋణాలు క్షమించమని దేవుణ్ని అడుగుతాం. వేరే భాషల్లో ఇది పూజామందిరపు మాట అయితే అయి ఉండవచ్చు. తాత చేసిన అప్పుకు తండ్రి, తండ్రి చేసిన అప్పుకు కొడుకు పాలేరుతనం చేసే పల్లెల్లో ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. పాలేరు బతుకు ఏడాది లెక్క. సంక్రాంతికో ఉగాదికో లెక్క చూస్తారు. ఎంత చేసినా బాకీ మిగిలే ఉంటుంది. లెక్క ఆసామి పుస్తకంలో ఉంటుంది. పాలేరుకు చదువు రాదు. విమోచన అనే మాటకు ఆనాటి వాళ్ల చెవుల్లో ఒకటే అర్థం. ఎవరో వచ్చి బాకీ చెల్లు వేసి, చెయ్యి పట్టుకుని గడప దాటించడం.

ఇక చరిత్రలోకి వస్తాను. అప్పటి కృష్ణా మండలంలో రాఘవాపురం అనే ఊరుంది. ఆ ఊరి మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య. 1840ల చివరలో ఆయనకు ఎవరో స్నేహితుడు విగ్రహాల్లో ఏమీ లేదనీ, దేవుడొక్కడేననీ ఎక్కడో విన్న ముక్క చెప్పాడు. దొరలెవరూ ఆ పల్లె మొహం చూడలేదు. పుస్తకం లేదు, బోధకుడు లేడు. వెంకయ్య అప్పటి నుంచి పేరు కూడా తెలియని ఆ దేవుణ్ని, నువ్వెవరివో, ఎక్కడున్నావో నాకు తెలియజెయ్యమని అడగడం మొదలుపెట్టాడు. పదేళ్లు అలాగే అడిగాడు. 1859లో బెజవాడ వచ్చి చర్చి మిషనరీ సొసైటీ వారి థామస్ డార్లింగ్ దొరను కలుసుకున్నాడు. ఏళ్ల తరబడి పెద్దగా ఫలితం లేకుండా పనిచేస్తున్న డార్లింగుకు ఎవరు ఎవర్ని వెతుక్కుంటూ వచ్చారో ఒక పట్టాన అర్థమై ఉండదు. ఆ ఏడాదే వెంకయ్యకూ ఆయన వాళ్లకూ బాప్తిస్మం అయింది. కృష్ణా, గోదావరి పల్లెల్లో మాలల మధ్య క్రైస్తవం పాకడం అక్కడ మొదలైందని మిషను చరిత్రకారులే రాశారు.

ఇందులో నాకు రెండు సంగతులు ముఖ్యం. దొర రాకముందే వెంకయ్య ప్రార్థన మొదలైంది. కృప అంటే పండితులు పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు చేస్తారు గానీ, దాని తొలి లక్షణం ఇదే. అది మనకంటే ముందు బయలుదేరుతుంది. రెండోది, వెంకయ్య ఒంటరిగా మునిగి ఒంటరిగా తేలలేదు. తన పల్లెను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన 1891 వరకూ బతికాడు. దొరల పేర్ల మీద బళ్లూ ఆసుపత్రులూ ఎన్నో ఉన్నాయి. పగోలు వెంకయ్య పేరు మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

దొరల్లోనూ తేడాలున్నాయి. 1836లో నర్సాపురం వైపు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కాలేజీల్లో చదివినవాళ్లు కారు. ఒకాయన రాతిపని మేస్త్రి, ఇంకొకాయన చెప్పులు కుట్టే పనివాడు. చెప్పులు కుట్టేవాణ్ని ఊరి బయట ఉంచే దేశంలో, చెప్పులు కుట్టే దొర వచ్చి దేవుడి మాట చెబితే ఆ మాట సగం చెప్పకుండానే చేరిపోయి ఉంటుందని నా ఊహ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847 నుంచి 1852 వరకూ ఆనకట్ట కట్టించినప్పుడు వేలమంది కూలీలు అక్కడ పోగయ్యారు. వాళ్ల మధ్య బౌడెన్ పనిచేశాడు. ఆనకట్ట నీళ్లూ, ఈ కబురూ దాదాపు ఒకేసారి డెల్టాలో దిగాయి. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ 1854లో మకాం పెట్టింది. కృష్ణ నుంచీ గోదావరి నుంచీ వచ్చే కాలువలు ఏలూరు దగ్గర కలిశాక పడవ ప్రయాణాలు హెచ్చాయి.

'అన్నం కోసం చేరారు' అనే మాట మీరూ విన్నారు, నేనూ విన్నాను. దానికి జవాబు మనం చెప్పనక్కర్లేదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర చెప్పాడు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాతు కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. ఆ పని నడిచినన్నాళ్లూ ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వనన్నాడు. తిండి కోసం రావడం వేరు, దేవుడి కోసం రావడం వేరని గట్టు వేసి కూర్చున్నాడు. కరువు పని ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. అంతకు ముందే ఆ ప్రాంతపు మాదిగపల్లెల్లో ఎర్రగుంట్ల పేరయ్య వంటివాళ్లు కాలినడకన తిరిగి నేల దున్ని పెట్టారు. చేరినవాళ్లు ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, విగ్రహాల జోలికి పోకూడదు. ఆ షరతుల్లో ఆదివారం పని మానడమే అన్నింటికన్నా పెద్ద గొడవ తెచ్చింది. ఏడురోజులకొకసారి 'ఇవాళ రాను' అనే మాట పాలేరు నోట్లోంచి రావడం అంటే ఏమిటో ఆసాములకు వెంటనే అర్థమైంది. ఆ మాట కోసం తన్నులు తిన్నారు, బావి నీళ్లు పోగొట్టుకున్నారు.

ఇక మన పంతులుగారి దగ్గరికి వస్తాను. పంతులు అనే మాట గమనించండి. అగ్రహారంలో పుట్టినవాళ్లకు చెల్లే మాట. పల్లెలో పుట్టి, మిషను బళ్లో చదివి, పగలు ఓనమాలు, రాత్రి ప్రార్థన చెప్పినవాడికి అదే పేరు వచ్చింది. ఊళ్లో ఆయన వయసు మగవాళ్లను 'ఒరేయ్' అని పిలిచే నోళ్లు ఆయన్ను చూసి ఆ పిలుపు మింగేసుకుని, పేరు పెట్టి పిలవడం ఇష్టం లేక, 'పంతులూ' అనేవి. 'గారు' కలవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

రాత్రిబడిలో లాంతరు వెలుగులో ఆయన చెప్పిన లెక్క ఒకటి నాకింకా కంఠతా ఉంది. మత్తయి సువార్తలో రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డ దాసుడి కథ ఉంది కదా. ఆ దాసుడికి ఇంకొకడు నూరు దేనారాలు బాకీ. దేనారం అంటే ఒకరోజు కూలి అన్నారు. తలాంతు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులు ఎన్నిరోజుల కూలిరా చెప్పండి అన్నారు. పలకల మీద సున్నాలు చాల్లేదు. ఆరు కోట్లు. ఏడాదికి మూడొందల రోజులు పని దొరికితే ఎన్నేళ్లు? రెండు లక్షల ఏళ్లు. వెనక వరసలో ఒక ముసలి పాలేరు 'అంత బాకీ ఎవడిచ్చాడండీ ఆడికి' అన్నాడు. అందరూ నవ్వారు. పంతులుగారు నవ్వలేదు. 'అదే ప్రశ్న. అంత బాకీ తీర్చేవాడు లేడు. అందుకే కొట్టేశాడు' అన్నారు. తర్వాత, 'మరి మన నూరు దేనారాల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?' అన్నారు.

ఆ ముసలాయనకు ఓ కొడుకు. తండ్రి బాకీ కింద పని చేస్తున్న కుర్రాడు. రాత్రిబడిలో తీసివేతలు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక నిద్ర పోయింది. తన జీతం, తిన్న ధాన్యం, తండ్రి తెచ్చిన డబ్బు ఎన్నిసార్లు వేసినా ఆసామి చెప్పే అంకె రావడం లేదు. అడగడానికి భయం. నేనొస్తాను పద అన్నారు పంతులుగారు. ఆ ఉగాదికి ఇద్దరూ వెళ్లి ఆసామి అరుగు కింద నిలబడ్డారు. పంతులుగారు ఒక్క మాట కూడా అనలేదు. కుర్రాడు లెక్క చదివాడు. రెండుచోట్ల తప్పు తేలింది. అప్పంతా పోలేదు. ఆ కుర్రాడు ఇంకో ఏడాదిన్నర అక్కడే చేశాడు. కానీ ఆ రోజు నుంచి ఆ లెక్క రెండు పుస్తకాల్లో రాశారు. ఒకటి ఆసామి దగ్గర, ఇంకొకటి పంతులుగారి రాతలో పాలేరు దగ్గర. మర్నాటి నుంచి ఇంకో నలుగురు పలకలు పట్టుకుని వచ్చారు.

కృప పనిచేసే తీరు నాకు తెలిసి ఇదే. అది ఆసామి బాకీ మాయం చేయలేదు. పెద్ద లెక్క దేవుడు కొట్టేశాడని నమ్మినవాడికి చిన్న లెక్క తెరిచి చూసే ధైర్యం వచ్చింది, అంతే. ధైర్యం ఒక్కటే చాలదు. పక్కన ఇంకొక మనిషి నిలబడాలి. అరుగు కింద ఆ రోజు నిలబడ్డది సంగడి.

ఈ మాటకు వేదంలోనే ఒక మనిషి ఉన్నాడు. అపొస్తలుల కార్యాల్లో బర్నబా. ఆ పేరుకు మన తెలుగు బైబిల్లో ఇచ్చిన అర్థం 'హెచ్చరిక పుత్రుడు'. చిన్నప్పుడు నాకు ఇది వింతగా ఉండేది. హెచ్చరిక అంటే కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ కింద రాసేది కదా! ఈ తరం పిల్లలకు ఇంకా వింత. పాత తెలుగులో హెచ్చరిక అంటే భయపెట్టడం ఒక్కటే కాదు. మెలకువ చెప్పడం, జాగ్రత్తగా అడుగు వేయమనడం, ఉత్సాహపరచడం. గుళ్లో స్వామిని ఊరేగించి తెచ్చేటప్పుడు పాడే పాటను కూడా హెచ్చరిక అనే అంటారు. త్యాగయ్య ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోనూ ఉంది. బైబిలు అనువాదకులు ఆ అర్థంలోనే వాడారు. మాట అదే ఉంది, మనమే దాన్ని బెదిరింపుగా కుదించుకున్నాం. మన ప్రసంగాలు కూడా అలాగే కుంచించుకుపోయాయని నా అనుమానం.

బర్నబా చేసిన పని చూడండి. సంఘాన్ని హింసించిన సౌలు, అంటే తర్వాతి పౌలు, మారానని వస్తే ఎవరూ నమ్మలేదు. బర్నబా ఆయన చెయ్యి పట్టుకుని పెద్దల దగ్గరికి తీసుకెళ్లి తానే పరిచయం చేశాడు. తర్వాత ప్రయాణం మధ్యలో వదిలేసి వెళ్లిన మార్కును పౌలు ఇక వద్దంటే, బర్నబా పౌలుతోనే తగవుపడి ఆ కుర్రాణ్ని తన వెంట ఉంచుకున్నాడు. పత్రికలెన్నో పౌలు రాశాడు. బర్నబాదని చెప్పదగ్గ పత్రిక ఆ గ్రంథంలో లేదు. ఉగాదినాడు నోరెత్తకుండా నిలబడ్డ మన పంతులుగారిదీ అదే తరహా.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, మన దోర్నకల్లులో పనిచేస్తున్న తిరునెల్వేలి తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య లేచి దొరల మొహం మీదే ఒక సంగతి చెప్పాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, సంతోషం. మాకు స్నేహితులు కావాలి, అది ఇవ్వలేదు అన్నది సారాంశం. సభ ఇబ్బందిపడింది. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, కలకత్తాలో ఆయనే తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. దోర్నకల్లు పల్లెల్లో బాప్తిస్మం పొందిన కూలివాళ్ల చేత నెత్తిన చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. పుచ్చుకునేవాళ్లుగా మిగలకుండా ఇచ్చేవాళ్లు కావాలని. సంగడిలో రెండో దోనె అవ్వాలని, మన మాటల్లో.

అంతా తియ్యగా చెప్పి కూర్చుంటే పంతులుగారు ఒప్పుకోరు. మచిలీపట్నంలో 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ త్యాగి. ఇంగ్లండు వదిలి వచ్చి ఇక్కడే పోయాడు. కానీ పైకులాల వాళ్లు మారితే కిందివాళ్లకు అదే పాకుతుందన్న లెక్కతో మాలమాదిగ పిల్లలకు ఆ బడి తలుపు తీయలేదు. కింది నుంచి పైకి పాకిందని రాఘవాపురం చెప్పింది. తర్వాత మనవాళ్లే మాలలకొక గుడి, మాదిగలకొక గుడి అన్నట్టు సర్దుకున్నారు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాను పద్యాలు రాస్తున్నాడని సొంత సంఘం వెలివేసింది. కులం తెలిసి పండితులు మొహం తిప్పుకున్నారు. 'గబ్బిలం' ఆ రెండు గాయాల మధ్య నుంచి వచ్చింది. వెలివేసినవాళ్ల క్రీస్తు మీదే ఆయన తర్వాత 'క్రీస్తుచరిత్ర' రాస్తే, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సంఘం చెయ్యి వదిలినా కృప చెయ్యి వదల్లేదని ఆయన జీవితం చూస్తే నాకనిపిస్తుంది. సంఘానికది గౌరవం కాదు.

ప్రభుత్వం సంగతీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సీలో ఒక్క శాతంలో ఉన్నారు. అందుకే మన పల్లెల్లో సర్టిఫికెట్లో ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. దీన్ని మోసమని తేలిగ్గా అనేవాళ్లు, మతం మారినంత మాత్రాన ఊరి బావి దగ్గర కులం మారిందా అని ఒక్కసారి అడిగి చూడాలి.

మన కొల్లేరు బాకీ కూడా ఇంకా తేలలేదు. డెబ్బైల్లో మత్స్యకారులకూ దళితులకూ సొసైటీలు పెట్టి చెరువులిచ్చారు. మెల్లగా అవి లీజుల పేరుతో బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆటపాకలో గూడబాతులను చూడ్డానికి నేనూ మనవలను తీసుకొస్తాను. కానీ ఆ చెరువుల మీద కాపలా ఉండి, అడ్వాన్సు తీసుకుని, ఆ అడ్వాన్సు తీరేదాకా గట్టు దిగలేని కుర్రాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ల జేబులో సెల్‌ఫోను ఉంది, అందులో కాలుక్యులేటరు ఉంది. లెక్క మాత్రం మళ్లీ ఒక్క పుస్తకంలోనే ఉంది.

వాళ్లకు సంఘం ఏం ఇస్తోంది? పెద్ద మైకులు, స్వస్థత కూటాలు, కానుకలు వేస్తే రెట్టింపు వస్తుందనే బోధ. ఇస్తే వచ్చేది కృప కాదు, వడ్డీ. వడ్డీ ఎలా ఉంటుందో మన తాతలకు తెలుసు. కన్నీళ్లు పెట్టించే పాట తప్పని నేననను. పురుషోత్తమ చౌదరి కీర్తనలు చదువురాని అమ్మలు కంఠతా పట్టి చీకట్లో నాట్లకు వెళ్తూ పాడుకున్నారు. అది నిజమైన ఆదరణ. పాట అయ్యాక పక్కవాడి వెంట ఆసామి అరుగు దాకా ఎవరు నడుస్తున్నారన్నదే నా ప్రశ్న.

సమయం మించింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి దిగుతాను. పంతులుగారి రాతలో ఉన్న ఆ రెండో పుస్తకాలు, పాలేర్ల లెక్కలవి, కొన్ని ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయని విన్నాను. వరదలకూ చెదలకూ మిగిలినవి ఏవైనా ఉంటే భోజనాల దగ్గర నాతో చెప్పండి. ఫోటోలు తీసుకుని పుస్తకం మీ చేతికే ఇచ్చేస్తాను. ఎవరి పేరూ బయటపెట్టను, ఆ భయం నాకు తెలుసు. ఈ సభలో ఆసాముల ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు, వచ్చినందుకు సంతోషం. మీ ఇళ్లల్లో మొదటి పుస్తకాలు ఉంటాయి. అవి కూడా తీసుకురండి.